చెలమకు కాలమ్ లేని ఫారం

కరోనా తగ్గిందని జనం మాస్కులు తీసి జేబుల్లో పెట్టుకున్న ఏడాది అది, 2022. తిరుపతిలో నేను పనిచేసే ల్యాబులో ఊపిరి సలపని పని. రెండేళ్ళుగా ఆగిపోయిన లేఅవుట్లన్నీ ఒక్కసారిగా లేచాయి. పాకాల రోడ్డులో ఎటు చూసినా రంగు జెండాలు, కొత్తగా పాతిన హద్దురాళ్ళు, నవ్వుతున్న కుటుంబాల బోర్డులు. ఇల్లు కొనేవాళ్ళు గేటు చూస్తారు, పార్కు చూస్తారు, తూర్పు వాకిలి ఉందా అని పదిసార్లు అడుగుతారు. ఆ ఇంట్లో స్నానం చేసిన నీళ్ళు ఎటు పోతాయని అడిగిన మనిషిని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. ఆ ప్రశ్న అడగడమే నా ఉద్యోగం.

పెద్ద కాలనీ ఏదైనా కట్టే ముందు ఒక నివేదిక ఇవ్వాలి. నీళ్ళు ఎక్కడినుంచి తెస్తారు, వాడిన నీళ్ళు ఎక్కడికి పంపుతారు, దానివల్ల చుట్టుపక్కల బావులకూ బోర్లకూ ఏమవుతుంది అన్నది రాసి, చివరి పేజీలో నేను సంతకం పెట్టాలి. మనిషికి రోజుకు నూట ముప్పై అయిదు లీటర్ల నీళ్ళని లెక్క పెట్టుకుంటాం. అందులో అయిదింట నాలుగు వంతులు మురుగుగా బయటికొస్తాయి. ఆ మురుగును శుభ్రం చేసే ప్లాంటును ఎస్టీపీ అంటారు. మురుగులోకి గాలి ఊది, సూక్ష్మజీవులను పెంచి, వాటిచేత మురికిని తినిపిస్తుంది. బయటికొచ్చిన నీళ్ళలో ఇంకా ఎంత మురికి మిగిలిందో బీవోడీ అనే పరీక్ష చెబుతుంది. మిగిలిన మురికిని తినడానికి ఆ సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో కొలుస్తామన్నమాట. అది ఎంత తక్కువ కావాల్సి వస్తే నీళ్ళు అంత శుభ్రం. ఇదంతా ఒకసారి మా అమ్మకు వివరంగా చెబితే, "ఇందుకా నిన్ను ఎమ్మెస్సీ చదివించింది?" అని లేచి వెళ్ళిపోయింది.

నేను చెప్పబోయే లేఅవుట్ పాకాలకు కొంచెం ఇవతల, రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. రెండు వందల పైచిలుకు ఇళ్ళు. దాని పక్కనే నలభై గడపల పల్లె. రెండింటికీ మధ్య ఒక వంక. వానలకు పారి, ఎండలకు ఇసుక మిగిలే వాగును మా వైపు వంక అంటాం. ఆ డిసెంబరులో నేనూ మునిరత్నం అన్నా అక్కడికి వెళ్ళాం. మునిరత్నం మా ల్యాబుకు శాంపిళ్ళు పట్టుకొచ్చే ఆయన. యాభై అయిదు దాటిన మనిషి, పనిలో మహా పట్టింపు. ఏ నీళ్ళు పట్టబోతున్నాడో ఆ నీళ్ళతోనే సీసాను మూడుసార్లు తొలిచి గానీ నింపడు. "మూడుసార్లు తొలిస్తేనే మేడమ్, పాత నీళ్ళ వాసన సీసా మర్చిపోతాది" అంటాడు.

అప్పుడు వంక మోకాలి లోతున పారుతోంది. లేఅవుట్ మేనేజరు భాస్కర్ మ్యాపు పరిచి చూపించాడు. చిత్తూరు మనిషి, నలభై లోపు వయసు, మర్యాదస్తుడు. ఎస్టీపీ నుంచి ఒక నీలం గీత బయలుదేరి వంకలో కలుస్తోంది. వంక పేరు మ్యాపులో లేదు, ‘ఎగ్జిస్టింగ్ డ్రెయిన్’ అని ఉంది. సర్వే చేసినవాడు డ్రెయిన్ అన్నాడు, నేను డ్రెయిన్ అని చదివాను. కళ్ళ ముందు వంక పారుతుంటే నా బుర్రలో మురుగుకాలువ పారింది.

భాస్కర్ ఇంకో కాగితం కూడా తీశాడు. "శుద్ధి చేసిన నీటిని వంకలోకి వదలడానికి మాకు ఎట్టి అభ్యంతరమూ లేదు" అని దాని మీద రాసి ఉంది. కింద నలభై గడపల వాళ్ళ సంతకాలు, వేలిముద్రలు. వేరేచోట్ల ఇలాంటి కాగితం కోసం నెలల తరబడి తిరుగుతారు. గొడవలవుతాయి, కొన్నిచోట్ల కుర్చీలు కూడా లేస్తాయి.

"ఇంత తొందరగా ఎట్లా ఒప్పుకున్నారు?" అని అడిగాను.

"మంచి జనం మేడమ్. ఒక్క మధ్యాన్నం పని. నేను సదివి చెప్పంగానే, అందరూ సంతోషంగా ఏసేసినారు."

సంతోషంగా అన్న ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. మురుగు ప్లాంటు నీళ్ళు మా ఊరి పక్కన వదలండి అని సంతోషంగా వేలిముద్ర వేసే ఊరు ఎక్కడైనా ఉంటుందా? నేను ఆగలేదు. పని సులువైనందుకు నాకూ సంతోషంగానే ఉంది మరి.

మా ఫారంలో తాగునీటి వనరులని ఒక పట్టిక ఉంటుంది. కుళాయి, బోరు, బావి, చెరువు. కుళాయికి టిక్కు, బోరుకు టిక్కు, బావికి టిక్కు. బావి నీళ్ళు తియ్యగా ఉన్నాయి కూడా. ‘నీళ్ళు వదిలే చోటుకు దిగువన తాగునీటి వనరులు’ అన్న గడిలో "లేవు" అని రాశాను. రాసి, పాకాలలో దోసె తిని, హాయిగా తిరుపతి చేరుకున్నాను.

ఒక్క కాలంలో తీసిన శాంపిళ్ళతో నివేదిక ముగించకూడదని మా ల్యాబులో కట్టుబాటు. అందుకని మేలో మళ్ళీ వెళ్ళాం. వంక ఎండిపోయి తెల్లటి ఇసుక మిగిలింది. ఆ ఇసుకలో, సరిగ్గా మ్యాపులో నీలం గీత కలిసిన చోటుకు కొంచెం దిగువన, ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. దగ్గరికి వెళితే ఒక్కొక్కరి ముందు ఒక్కో గుంట, పక్కన బిందె.

చెలమలు. ఇసుకను మూరెడో రెండు మూరలో తవ్వితే అడుగున నీళ్ళు ఊరతాయి. ఊరిన మొదటి నీళ్ళు తోడి పారబోసి, తేటగా మళ్ళీ ఊరేదాకా ఆగి, కొబ్బరి చిప్పతో బిందెలోకి తోడుకుంటారు. ఇది నేను ఎవర్నో అడిగి తెలుసుకున్న సంగతి కాదు. పలమనేరు దగ్గర మా అవ్వ వాళ్ళ ఊళ్ళో ప్రతి ఎండాకాలం సెలవుల్లో నేను చేసిన పనే. అయినా డిసెంబరులో ఆ వంక గట్టున నిలబడినప్పుడు చెలమ అన్న మాటే నాకు గుర్తు రాలేదు. ఫారంలో ఉన్నదే అడిగాను, ఫారంలో ఉన్నదే చూశాను.

వాళ్ళలో పెద్దామె పేరు రెడ్డెమ్మ. అరవైకి దగ్గర్లో ఉంటుంది. నెత్తిన తువ్వాలు, చేతిలో చిప్ప.

"రా మా, ఎండలో ఏం నిలబడతావు? నీళ్ళు తాగు" అని చెంబు ముంచి ఇచ్చింది. చెంబు రెండు చేతులా పట్టుకుని కాసేపు నిలబడి, తాగాను. అంత తియ్యటి నీళ్ళు తాగి నాకు చాలా ఏళ్ళయింది.

"యా ఊరు మా మీది?"

"తిరుపతి" అన్నాను.

అబద్ధం చెప్పినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. కానీ భుజానున్న సంచిలో "లేవు" అని రాసిన ఫారం పెట్టుకుని, చెలమ ముందు నిలబడి, నాది పలమనేరు అని ఏ నోటితో చెప్పను? తిరుపతిదాన్నయితే తెలియక రాసినట్టన్నా ఉంటుంది.

"మీకు కుళాయి ఉంది కదక్కా?" అని అడిగాను.

"ఉండాది. బోరునీళ్ళు. దాంతో పప్పుడకదు మా. కందిపప్పు పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాన్నానికీ గులకరాళ్ళ మాదిరి అట్లే ఉంటాది. వంక పారినన్నాళ్ళూ బావినీళ్ళు తాగతాం. ఎండలకు బావి అడుగంటిపోతాది. ఇంగ తాగేదానికీ వండేదానికీ నాలుగు నెలలు ఈ చెలమలే."

ఆ తర్వాత ఆమె చిప్ప పక్కన పెట్టి, చాలా రోజులుగా అడగాలనుకున్నట్టు అడిగింది.

"అవున్‌మా, ఆ నీళ్ళు ఎప్పుడు వదలతారు?"

"ఏ నీళ్ళక్కా?"

"అదే, శుద్ధి చేసిన నీళ్ళు. ఈ వంకలోకే వదలతామని కాగితం సదివి చెప్పినారే! పాకాలలో క్యాన్ల మీద రాసుంటాది గదా, శుద్ధజలమని. అవి వంకలోకే వస్తే నా నడుముకు ఈ గుంట తవ్వే పని తప్పుతాది. అందరికంటే ముందు ఏలిముద్ర ఏసింది నేనే."

వెనక ఐస్ బాక్సు మూత తెరుస్తున్న మునిరత్నం అలాగే వంగి ఉండిపోయాడు. నలభై గడపల సంతోషం ఏమిటో అప్పుడు అర్థమైంది. ఇంజనీర్లు రాసుకునే భాషలో శుద్ధి చేసిన నీరంటే మురుగులోంచి మురికి తీసినది. పల్లెలో శుద్ధి చేసిన నీరంటే నీలం క్యాన్లో వచ్చేది, పెళ్ళికో పేరంటానికో కొనుక్కుని తాగేది. కాగితంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చదివినవాడూ మోసగాడు కాదు. అయినా ఊరు ఊరంతా దేనికో ఒప్పుకుంటున్నామనుకుని ఇంకదేనికో ఒప్పుకుంది.

చెప్పక తప్పలేదు. "అక్కా, అవి ఆ కొత్త ఇళ్ళలో వాడిన నీళ్ళు."

"వాడినవంటే?"

"స్నానాలవి, గిన్నెలు కడిగినవి..."

"ఇంగా?"

"లెట్రిన్లవి కూడా. మురికి తీసి వదులుతారు."

రెడ్డెమ్మ ఒకసారి నన్ను చూసింది, ఒకసారి వంకను చూసింది. తర్వాత పెద్దగా నవ్వింది. "అయ్యో దేవుడా! దొడ్డినీళ్ళకు శుద్ధి అని పేరు పెట్టినారా!" పక్క గుంటల దగ్గరున్న ఇద్దరికీ అరిచి చెప్పింది. వాళ్ళూ నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్ళ నవ్వు ఆగకముందే రెడ్డెమ్మ నవ్వు ఆగిపోయింది.

"మరి మా చెలమ?" అంది.

నేను మ్యాపులో నీలం గీత కలిసే చోటు వైపు చూశాను.

"ఎంత కడిగినా తాగేదానికి పనికొస్తాయా అవి? నువ్వు సదువుకున్నేదానివి, చెప్పు."

"పనికిరావక్కా."

"అట్లయితే ఏం రాస్తావో నువ్వే రాయి. నేనయితే ముద్ర ఏసేసినా, నా చేతిలో ఏమీ లేదు."

మునిరత్నం చెలమ నీళ్ళతో సీసాను మూడుసార్లు తొలిచి, నింపి, లేబుల్ పట్టుకుని నిలబడ్డాడు. మా లేబుళ్ళ మీద బోరుకొక గుర్తు, బావికొక గుర్తు, కుళాయికొక గుర్తు ఉంటాయి. "దీనికి ఏమని రాయాల మేడమ్?" అన్నాడు. పెన్ను తీసుకుని తెలుగులోనే ‘చెలమ’ అని రాశాను. ఆ ల్యాబు పుట్టిన తర్వాత ఆ మాట రాసిన సీసా అదే మొదటిది.

ఫలితాలు నేను ఊహించినట్టే వచ్చాయి. బోరునీళ్ళలో పప్పు ఉడకనివ్వని గట్టితనం, ఫ్లోరైడు రెండూ హద్దు మీరి ఉన్నాయి. చెలమ నీళ్ళు వాటి ముందు అమృతం. కోలిఫారం, అంటే పేగుల్లో ఉండే బ్యాక్టీరియా, కొద్దిగా కనిపించింది. తెరిచి ఉన్న గుంట కదా, మరిగించి తాగితే పోయేదే. దాని మీదికి రెండు వందల ఇళ్ళ నీళ్ళు రోజూ వచ్చి ఇంకితే, ఎస్టీపీ ఒక్క పూట మొరాయించినా ఏమవుతుందో లెక్క వేయడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు.

భాస్కర్ ల్యాబుకు వచ్చాడు. ముఖం చిన్నబోయి ఉంది.

"చెలమ సోర్సు కాదు మేడమ్. మేలో ఉంటాది, వంక పారితే పూడిపోతాది. మ్యాపులో యాడా లేదు. అసలు మీ ఫారంలోనే దానికి కాలమ్ లేదే! డిసెంబరులో మీరే గదా ‘లేవు’ అని రాసినారు?"

తగలాల్సిన చోటే తగిలింది. "రాశాను. తప్పు రాశాను" అన్నాను. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో క్లయింటు ముందు ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక మాత్రం భలే తేలిగ్గా అనిపించింది.

తర్వాత క్యాన్ల సంగతి చెప్పాను. భాస్కర్ నవ్వబోయి మధ్యలోనే ఆగిపోయాడు.

"నేను మోసం చేయాలని సదవలేదు మేడమ్."

"నాకు తెలుసు. నేనూ మోసం చేయాలని రాయలేదు."

"ఇప్పుడేం చేద్దామంటారు?"

"మళ్ళీ చదువుదాం. ఈసారి వాళ్ళ మాటల్లో."

ఆ ఊరి బడి వరండాలో అందరూ కూర్చున్నారు. కొత్త కాగితం నేను అక్కడే రాశాను. రెడ్డెమ్మ పక్కనే కూర్చుని, అర్థం కాని మాట వచ్చిన ప్రతిచోటా నా పెన్ను ఆపించింది. చివరికి ఇలా తేలింది: "కొత్త కాలనీలోని ఇళ్ళ స్నానాల నీళ్ళు, వంటింటి నీళ్ళు, లెట్రిన్ నీళ్ళు. మిషన్లో మురికి తీసినవి. తాగేదానికి పనికిరావు." భాస్కరే లేచి చదివాడు. ఒక్క మాట కూడా మింగలేదు. చదవడం అయ్యాక స్టాంపు ప్యాడు మీద ఒక్క వేలూ పడలేదు. ఒకాయన పాత కాగితం చించేయమన్నాడు. అరుపులు మొదలయ్యాయి.

రెడ్డెమ్మ చెయ్యెత్తింది. "ఉండండప్పా! మా, ఒకటి చెప్పు. తాగేదానికి పనికిరావు, సరే. గడ్డికి పనికొస్తాయా?"

"బాగా పనికొస్తాయి. మేతగడ్డి దాంతో ఏపుగా పెరుగుతుంది."

"అట్లయితే వంకకు వద్దు. మిట్ట మీద మా బీళ్ళు ఉండాయి, ఆడికి పంపించండి. ఎండాకాలమొస్తే ఆవులకు మేత యాడ దొరుకుతాదా అని ఊర్లు పట్టుకోని తిరగతాండాము."

మా ల్యాబులో డిగ్రీలున్న నలుగురం కూర్చుని వారం రోజులు తేల్చలేని విషయం ఆమె బడి వరండాలో తేల్చేసింది. భాస్కర్ అప్పటికప్పుడే మ్యాపు తీసి నీలం గీతను వంక నుంచి తిప్పి మిట్ట మీదికి గీశాడు. సగం నీళ్ళు మళ్ళీ కాలనీ ఇళ్ళ ఫ్లష్ ట్యాంకులకూ పార్కుకూ, మిగిలింది గడ్డికి, వానాకాలంలో గడ్డికి అక్కర్లేనివి అడుగున షీటు పరిచిన గుంటలో నిలవకు. ఇదంతా మళ్ళీ గీసి, లెక్కలు కట్టి, ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. లేఅవుట్ యజమానికి ఈ ఆలస్యం నచ్చలేదు. తర్వాతి పనికి వేరే ల్యాబు చూసుకుంటామన్నారు. చూసుకున్నారు కూడా. నేను మాత్రం ఆ నివేదిక చివరి పేజీలో పెట్టినంత నిండుగా ఇంకెక్కడా సంతకం పెట్టలేదు.

మా ఫారంలోని తాగునీటి పట్టికలో నేనొక గడి చేతితో గీసుకున్నాను, ‘ఎండాకాలం చెలమలు’ అని. రెండేళ్ళుగా అది అచ్చులోనే వస్తోంది. ఇప్పుడు ఏ ఊరికి వెళ్ళినా ఫారం సంచిలోంచి తీయకముందే ఒక ప్రశ్న అడుగుతాను: ఎండాకాలంలో పప్పు ఏ నీళ్ళతో ఉడకేస్తారు? తాగునీటి వనరులేవి అని అడిగితే జనం అధికారికి చెప్పాల్సిన జవాబు చెబుతారు. పప్పు గురించి అడిగితే నిజం చెబుతారు. కాగితం చదివి వినిపించాక, మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి అని కూడా అడుగుతున్నాను. ఆలస్యమవుతుందని మా వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ.

కాలనీలో సగానికి పైగా ఇళ్ళు నిండాక, 2025 మేలో, ఎస్టీపీ ఎలా నడుస్తోందో చూడడానికి మళ్ళీ వెళ్ళాం. బీవోడీ బాగానే వచ్చింది. మిట్ట మీద మేతగడ్డి నడుము ఎత్తున ఉంది. వంకలో మాత్రం ఎప్పటిలాగే ఎండిన ఇసుక, ఇసుకలో చెలమ, చెలమ దగ్గర రెడ్డెమ్మ.

"నా నడుముకు పని తప్పలేదు సూడు మా! గడ్డి మాత్రం భలే పెరిగింది. మా ఆవుకు అదే శుద్ధజలం" అని నవ్వి, చెంబు ముంచి చేతికిచ్చింది. మునిరత్నం అప్పటికే సీసా తొలుస్తున్నాడు. లేబుల్ మీద ఏం రాయాలని ఈసారి అడగలేదు.

ఇంక దాచడం నావల్ల కాలేదు.

"అక్కా, అప్పుడు నీకు అబద్ధం చెప్పాను. మాది తిరుపతి కాదు, పలమనేరు. మా అవ్వ వాళ్ళ ఊళ్ళో మేమూ చెలమ నీళ్ళే తాగినాం."

"నాకు తెలుసు లే" అంది రెడ్డెమ్మ, చిప్పతో నీళ్ళు తోడుతూనే.

"ఎట్లా తెలుసు?"

"ఆపొద్దు చెంబు చేతికిస్తే ఎంటనే తాగలేదు నువ్వు. ఇసక అడుక్కు దిగేదాకా కదలకుండా పట్టుకోని నిలబడినావు. చెలమ నీళ్ళు తాగి పెరిగినోళ్ళకే అది తెలుస్తాది. తిరపతోళ్ళయితే గటగటా తాగేసి ఇసక నమిలేవాళ్ళు." బిందె నిండింది. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది. "అందుకే గదా ఆ నీళ్ళ సంగతి నిన్ను అడిగింది. మనోళ్ళయితే ఉండేది ఉన్నెట్టు చెప్తారని."

నా చేతిలో చెంబు ఇంకా అలాగే ఉంది. ఇసుక అడుక్కు దిగేదాకా ఆగి, తాగాను.